వయసు దించే ఛార్జరు

మనుషులు కాపురం ఉండే ఇంటిబండికి బ్యాటరీలు రెండుంటాయి. ఒకటి బండిది, ఒకటి ఇంటిది. బండిది ఇంజన్ను లేపుతుంది. ఒక్క క్షణం గట్టిగా పనిచేసి ఊరుకుంటుంది. ఇంటిది లైటు, ఫ్యాను, ఫ్రిజ్జు మోస్తుంది. దానికి బలం కంటే ఓపిక ముఖ్యం. బయటి ఛార్జరుతో నింపేటప్పుడు రెండింటినీ విడివిడిగా నింపాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా బ్యాటరీలు అమ్ముతున్నదాన్ని, నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఈ మాట చెప్పాను. విన్నవాళ్ళు తక్కువ. తొందరగా పనైపోవాలని రెండింటి మధ్యా ఒక జంపర్ వైరు తగిలించి, ఒకే ఛార్జరుతో కానిచ్చేస్తారు. తీసేటప్పుడు ఆ వైరు తియ్యడం మర్చిపోతారు.

నా పేరు నల్లం రత్నమాంబ. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే రోడ్డు మీద, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ పక్కన నా దుకాణం. వెనక యార్డు. సముద్రం లోపలికి వచ్చి మూడు ఊళ్ళను తీసుకున్నాక, అక్కడి వేట కుటుంబాలు పాత బస్సులు కొనుక్కుని వాటినే ఇళ్ళు చేసుకున్నాయి. అలాంటి బస్సులు పద్నాలుగు నా యార్డులో ఉండేవి. పైకప్పు మీద సోలారు పలకలు ఎండాకాలం పనికొస్తాయి గాని, ముసురు పడితే నా కరెంటే దిక్కు.

యార్డులో ఉండాలంటే నేను పెట్టిన షరతు ఒక్కటే. ప్రతి బస్సుకూ ఎర్తు ఉండాలి. రెండేళ్ళ కింద వర్షంలో గరికిన పోలమ్మ తన బస్సు మెట్టు మీద కాలు పెట్టి షాకు కొట్టి పడిపోయింది. ఆ మర్నాడే యార్డు మధ్యలో ఎనిమిదడుగుల గుంత తీయించాను. బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయించి, ఇనప గొట్టం దించాను. పద్నాలుగు బస్సుల నుంచీ పద్నాలుగు తీగలు ఆ గొట్టానికి చేరాయి. దుకాణంలో సరుకు పెట్టే ఇనప అరల్ని కూడా దానికే కలిపాను. తడి ఆరితే ఎర్తు పనిచెయ్యదు కాబట్టి, పొద్దున్నే రెండు బకెట్ల నీళ్ళు నేనే పోసేదాన్ని. ఆ తర్వాత ఎవరికీ షాకు కొట్టలేదు. ఆ గుంత నేను చేసిన మంచి పని అనుకున్నాను.

పోలమ్మ భర్త సింహాచలం అదే ఐసు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పనిచేసి, అమోనియా గాలి పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే చిన్న యంత్రం ఒకటి ఎప్పుడూ అతని పక్కనే తిరుగుతూ ఉండాలి. అది బస్సులో ఇంటి బ్యాటరీ మీద నడుస్తుంది. మంచి బ్యాటరీ నిండుగా ఉంటే పది గంటలు. ఆ పది గంటల్లో పోలమ్మ రేవుకు వెళ్ళి, చేపలు ఎత్తుకుని, కాకినాడ వీధుల్లో అమ్మి వచ్చేది. ఆమె బతుకు లెక్కంతా ఆ పది గంటలే.

మా తమ్ముడు భాస్కరం ఇంజనీరింగు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పేవాడు. కాలేజీ మూసేశాక ఆ ఐసు ఫ్యాక్టరీలోనే పాత చల్లగది అద్దెకు తీసుకుని, గాజు సీసాలూ సీసపు పలకలతో ఆరేళ్ళు కూర్చున్నాడు. ఒకరోజు పొద్దున ఒక చెక్కపెట్టె మోసుకుని దుకాణానికి వచ్చాడు. దానికి మూడు తీగలు: ఎర్రది, నల్లది, పచ్చది. పైన చిన్న అంకెల పలక.

ఒక చచ్చిన బ్యాటరీ ఇమ్మని అడిగాడు. పోలమ్మ బస్సులోంచి ముందురోజే విప్పిన ఇంటి బ్యాటరీ ఉంది. దాని మీద నేను సుద్దతో రాసిన అమ్మిన తేదీ ప్రకారం ఏడేళ్ళది. యాసిడ్ చిక్కదనం చూసే గాజు గొట్టం ముంచితే లోపలి తేలుడు బుడ్డి అడుక్కి దిగిపోయింది. తుక్కు కిందే లెక్క. భాస్కరం ఎర్ర తీగ ఒక కొనకూ, నల్ల తీగ ఇంకో కొనకూ, పచ్చ తీగ ఎర్తు గొట్టానికీ తగిలించాడు. నాలుగు గంటలు ఆగమన్నాడు. పలక మీద అంకెలు నెలల చొప్పున పెరిగాయి. ఎనభై నాలుగు దగ్గర ఆగాయి. నేను మళ్ళీ గొట్టం ముంచాను. బుడ్డి ఫ్యాక్టరీ నుంచి అప్పుడే దిగిన సరుకులో తేలినట్టు తేలింది.

"ఇది నింపలేదక్కా, వయసు దించింది" అన్నాడు. బ్యాటరీ లోపలి సీసపు పలకల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న పొరనూ, వాటి అలసటనూ తన పెట్టె విప్పి తోసేస్తుందని చెప్పాడు.

"తోసేస్తే ఎక్కడికి పోయింది?" అన్నాను.

"భూమిలోకి."

"భూమి తీసుకుంటుందా?"

"ఇంత పెద్ద భూమికి ఏడేళ్ళ వయసు ఓ లెక్కా?"

అక్కడే నేను తప్పు చేశాను. వ్యాపారం చేసేదాన్ని, ఒక తక్కెడలోంచి దిగిన బరువు ఇంకో తక్కెడలోకి ఎక్కాల్సిందేనని తెలుసు. అయినా అడిగిన ప్రశ్నకు సగం జవాబు వస్తే సరిపెట్టుకున్నాను. ఎందుకంటే ఆ జవాబు నాకు లాభం.

పోలమ్మ ఆ బ్యాటరీ తిరిగి పెట్టుకుంది. సింహాచలానికి మళ్ళీ పది గంటలు. ఆమె మా తమ్ముడి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వాడు కాళ్ళు వెనక్కి లాక్కుని గది లోపలికి పారిపోయాడు. తర్వాత రెండు నెలల్లో తుక్కుగా వచ్చిన బ్యాటరీలను నేను కొత్తవి చేసి చుట్టుపక్కల ఊళ్ళకు అమ్మాను.

వాసన పట్టి ఒక కంపెనీ వచ్చింది. సముద్రం ఒడ్డు చూడ్డానికి వచ్చేవాళ్ళకు మోటారు ఇళ్ళు అద్దెకిచ్చే కంపెనీ. దాని తరఫున వచ్చిన మనిషి వినీల్. ముప్పై ఏళ్ళుండవు, మాట చాలా మర్యాద. వాళ్ళవి ఎనిమిది బళ్ళు, అన్నీ తెల్లటివి, లోపల పడగ్గది, స్నానాలగది. ఒక్కోదానికి రెండు బ్యాటరీలు, సీలు వేసిన పెట్టెల్లో. వారానికోసారి మా యార్డుకు తెచ్చి, అందాకా పేరుకున్న వయసు దింపించుకుని వెళ్తామన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఎర్తు తీగ మాత్రం తగిలించాల్సిందే అన్నాను.

అతను నవ్వాడు. "క్లిప్పు పెడితే పెయింటు గీసుకుపోతుంది మేడమ్. మా బళ్ళకు అక్కర్లేదు" అన్నాడు. సరే అన్నాను. అది వాళ్ళ బండి, వాళ్ళ పెయింటు.

ఆశ్వయుజం వచ్చేసరికి యార్డులో బ్యాటరీలు చావడం మొదలైంది. ముందు ఓలేటి వాళ్ళ బస్సు స్టార్టవలేదు. ఆ బ్యాటరీ నేను అమ్మి ఎనిమిది నెలలైంది. మార్చి ఇచ్చాను. కొత్తది పదిహేను రోజుల్లో పడుకుంది. తర్వాత ఇంకో రెండు బస్సులు. ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం పోలమ్మ అమ్మకం మధ్యలో వదిలేసి, చేపల తట్టతోనే దుకాణం ముందు నిలబడింది.

"ఏటండి రత్నమ్మగారూ, కుర్రదని సెప్పి ముసల్దాన్ని అంటగట్టేరా?" అంది. గొంతు పెంచలేదు. తట్ట కిందికి దించింది. "పది గంటలొచ్చేది, నాలుగ్గంటలే వొత్తంది. మా ఆయన్ని వొగ్గేసి ఈదుల్లోకి ఎల్లేదెలాగ? సేపలు మీరే కొనుక్కోండి, ఇక్కడే కూకుంటాను."

చేపలన్నీ కొన్నాను. ఆమె వెళ్ళాక గాజు గొట్టం, సుద్దముక్క పట్టుకుని పద్నాలుగు బస్సులూ తిరిగాను. ఇరవై ఎనిమిది బ్యాటరీలు చూశాను. సగం బస్సుల్లో జంపర్ వైరు అలాగే ఉంది, అందుకే రెండూ కలిసే ముసలివయ్యాయి. ఒక్కోదాని మీద రాసిన తేదీ ప్రకారం ఉండాల్సిన వయసు ఎంత, గొట్టం చెప్పే వయసు ఎంత అని చూసి, తేడాను నేల మీద సుద్దతో రాసుకుంటూ పోయాను. మొత్తం డెబ్భై ఏళ్ళు. తర్వాత నా దుకాణంలో అమ్మని సరుకు చూశాను. అరల్లో ఉన్న ప్రతి కొత్త బ్యాటరీ నడివయసులో ఉంది. అక్కడ ఇరవై ఐదేళ్ళు. రెండూ కలిపితే తొంభై ఐదు.

చల్లగదికి వెళ్ళి భాస్కరాన్ని వాడి పెట్టె ఇప్పటిదాకా దించినదంతా చెప్పమన్నాను. వాడు పుస్తకం తీశాడు. కంపెనీ బళ్ళ నుంచి అరవై నాలుగేళ్ళు. నేను బాగుచేయించి అమ్మిన వాటి నుంచి ముప్పయ్యొక్కటి.

"కలుపు" అన్నాను.

కలపలేదు. వాడికి తెలుసు. పుస్తకం మూసేశాడు.

"భూమి తీసుకోలేదు రా. ఆ గొట్టానికి ఎవరెవరి తీగలు కలిపి ఉన్నాయో వాళ్ళు తీసుకున్నారు. పొద్దున్నే నీళ్ళు పోసి మరీ తాగించాను నేను."

"అక్కా, కొలతల్లో తేడా ఉండొచ్చు..."

"ఒక్క ఏడాది కూడా తేడా లేదు."

అప్పుడు వాడు, పచ్చ తీగను తిప్పి కలిపితే తోసినట్టే లాగొచ్చని, ఎర్తు మీద ఉన్నవాటి వయసును తీసి ఎర్ర తీగ మీద ఉన్నదాని మీద పెట్టొచ్చని చెప్పాడు. చెప్పి, అలా చెయ్యకూడదన్నాడు. అలా చేస్తే తను కనిపెట్టింది మందు కాదని, ఒకడి జబ్బును ఇంకొకడికి అంటించే సూది అని ఒప్పుకున్నట్టవుతుంది. ఆరేళ్ళు వాడు ఆ గదిలో సీసాల మధ్య కూర్చున్నది దానికోసం కాదు. నా తమ్ముడు నా ముందు ఏడవడం అదే మొదటిసారి. నేను ఓదార్చలేదు. గుంత దగ్గరికి పోయి ఆ పచ్చ తీగ విప్పేసి వచ్చాను.

వినీల్‌కు ఫోను చేసి ఇక మీ బళ్ళకు వయసు దించనని చెప్పాను. ఒప్పందం ఉంది మేడమ్, రేపు మాట్లాడుకుందాం అన్నాడు. అప్పటికే వాళ్ళ ఎనిమిది బళ్ళూ ఆ వారం పని కోసం నా యార్డులోనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఏడు గంటలకు తుఫాను కబురు వచ్చింది. సాయంత్రానికి ఉప్పాడ దగ్గర తీరం దాటుతుందన్నారు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా మధ్యాహ్నంలోగా పెద్దాపురం వైపు మెరక మీదికి వెళ్ళిపోవాలన్నారు. ఎనిమిదింటికి కరెంటు తీసేశారు. పద్నాలుగు బస్సుల్లో స్టార్టయినవి మూడు, వాటిలోనూ ఇంటి బ్యాటరీలు చచ్చే ఉన్నాయి.

పోలమ్మ బస్సు తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోయింది. ఇంటి బ్యాటరీ మీద సింహాచలం యంత్రం తిరుగుతోంది గాని, మిగిలింది మూడు గంటలు. రోడ్డంతా బళ్ళు నిండిపోయాయి, పెద్దాపురం చేరడానికి నాలుగు గంటలు పడుతుందని ఊళ్ళోంచి ముందు వెళ్ళినవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. అంబులెన్సుకు చేస్తే పదిహేడు కేసుల తర్వాత మీ వంతు అన్నారు. నా అరల్లోవి తెచ్చి పెట్టి చూశాను. ముసలివాటి బదులు ముసలివి. ఊళ్ళో మిగతా దుకాణాలన్నీ మూసేశారు.

సింహాచలం కిటికీ దగ్గర కూర్చుని, ముక్కుకు గొట్టం పెట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. వేలితో పోలమ్మను పిలిచి ఏదో చెప్పాడు. ఆమె నా వైపు తిరిగి, "పిల్లల్ని ఏసుకుని నన్ను ఎల్లిపొమ్మంటన్నాడండి" అంది. "నేను ఎల్లను. మీరేం సేత్తారో సెయ్యండి."

వినీల్‌కు ఫోను చేశాను. మీ తెల్ల బళ్ళలో ఒకదానిలో ఒక రోగిని పెద్దాపురం పంపనివ్వమని అడిగాను. హోటల్లో అతిథులు ఉన్నారని, వాళ్ళ కోసం డ్రైవర్లు పదకొండింటికి వస్తున్నారని, బయటివాళ్ళను ఎక్కిస్తే బీమా ఒప్పుకోదని చెప్పాడు. చాలా మర్యాదగా చెప్పాడు. ఎనిమిది బళ్ళు కదా, అతిథులు ఎంతమంది అని అడిగాను. అది కంపెనీ విషయం మేడమ్ అన్నాడు.

ఫోను పెట్టేసి భాస్కరాన్ని పెట్టె తెమ్మన్నాను.

వాడు తెచ్చాడు. ఈసారి నాతో వాదించలేదు. సీలు పెట్టెల పక్కన ఛార్జరు కోసం పెట్టిన సాకెట్లు ఉంటాయి కదా, పదహారు బ్యాటరీలనూ వాటి ద్వారానే ఒక వరసకు కలిపాడు. కరెంటు లేకపోయినా ఇబ్బంది లేదు, తెల్ల బళ్ళ నిండా ఛార్జి ఉంది, పెట్టె దాని మీదే నడిచింది. నా దుకాణం అరల తీగను గొట్టం నుంచి విప్పేశాను. పచ్చ తీగ తిప్పి కలిపాం. వర్షం మొదలైంది. గుంతకు నేను నీళ్ళు పోయక్కర్లేకపోయింది.

పలక మీద అంకెలు వెనక్కి నడిచాయి. రెండు గంటలు పట్టింది. సరిగ్గా అరవై నాలుగేళ్ళ దగ్గర ఆపమన్నాను. ఒక్క నెల కూడా ఎక్కువ పెట్టలేదు. తెల్ల బళ్ళ అసలు వయసు వాటికి తిరిగి వచ్చింది, అంతే. కాస్త దగ్గినా అవి స్టార్టవుతాయి.

"ఇంకా ఆరేళ్ళు బస్సుల్లోనే ఉండిపోయాయి" అన్నాను.

"పద్నాలుగు బస్సులకు ఆరేళ్ళంటే ఎవరికీ తెలియదక్కా. వదిలెయ్."

"ముప్పయ్యొక్కటి నావి రా. ఇరవై ఐదు నా అరల్లోనే ఉన్నాయి. ఆ ఆరూ కూడా నావే."

నా కారు బ్యాటరీకి మూడు, ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీకి మూడు పెట్టించాను. కారు తాళం తిప్పి చూశాను. కదల్లేదు. పోలమ్మ గొడుగు కూడా లేకుండా నిలబడి ఇదంతా చూసింది. ఆమెకు అర్థమయ్యేలా అయిదు మాటల్లో చెప్పాను. నా లాభం కోసం వేరేవాటి వయసు మీ బ్యాటరీల మీద ఎక్కించానని చెప్పాను. ఆమె కొంగు పిండుకుంటూ, "ఆ సంగతి పెద్దాపురంలో తిట్టుకుందారి. ముందు బండెక్కండి" అంది.

పదకొండింటికి వినీల్ తన కారులో వచ్చాడు. వెనక ఇంకో వ్యానులో డ్రైవర్లు. అప్పటికి పద్నాలుగు బస్సుల ఇంజన్లూ తిరుగుతున్నాయి. మొదటిదాని స్టీరింగు దగ్గర పోలమ్మ. అతను తెల్ల బళ్ళకు కలిపి ఉన్న తీగలు చూశాడు, పెట్టె పలక చూశాడు, భాస్కరం మొహం చూశాడు. తెలివైనవాడు, ఎక్కువ చెప్పక్కర్లేకపోయింది. కోప్పడలేదు. అతని కళ్ళు మెరిశాయి. అదే నన్ను భయపెట్టింది.

"అంటే ఎటు కావాలంటే అటు పంపొచ్చన్నమాట" అన్నాడు.

తన కారును తీసుకెళ్ళి యార్డు గేటుకు అడ్డంగా పెట్టి, తాళం జేబులో వేసుకుని, కాగితాల సంచితో నా దగ్గరికి వచ్చాడు. ఈ పెట్టె కంపెనీకి రాసిచ్చేస్తే జరిగిందానికి కేసు ఉండదన్నాడు. మా తమ్ముడికి పెద్ద ప్రయోగశాల కట్టిస్తామన్నాడు. ఎనిమిది బళ్ళు కాదు, ఎనిమిది వేల బళ్ళు అన్నాడు.

"ఎనిమిది వేల బళ్ళ వయసు ఎక్కడ దించుతారు?" అన్నాను.

"దానికి స్థలాలు ఉంటాయి మేడమ్. ఎర్తు ఎక్కడ పెట్టాలో మేం చూసుకుంటాం."

భాస్కరం ఆ మాట విన్నాడు. తన పెట్టెను వర్షంలోంచి ఎత్తి గుండెలకు ఆనించుకున్నాడు. వినీల్ చెయ్యి చాపితే వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

నేను వినీల్‌తో అన్నాను: "కేసు వెయ్యి. నేను వస్తాను. జడ్జీ ముందు నేనే మొదట నిలబడి, నేను దించిన ముప్పయ్యొక్క ఏళ్ళు ఎవరెవరి మీద పడ్డాయో పేర్లతో చదువుతాను. నా తప్పు చదవడం అయ్యాక నీ అరవై నాలుగేళ్ళు చదువుతాను. నా దుకాణం పోతుంది. నీ కంపెనీ ఏమవుతుందో నువ్వు లెక్కేసుకో. ఇప్పుడు కారు తియ్యి."

"సంతకం పెట్టండి, తీస్తాను" అన్నాడు.

పోలమ్మ బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసి ఏదో కేకేసింది. బస్సుల్లోంచి మగవాళ్ళు, ఆడవాళ్ళు కలిసి ఇరవై మంది దిగారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. పడవను అల తగలకుండా ఒడ్డు మీదికి ఎలా మోస్తారో, అలా కారుకు రెండు పక్కలా వంగి భుజాలు ఆనించారు. ఓలేటి ముసలాయన పాట అందుకున్నాడు. రెండో పిలుపుకే కారు నేల వదిలింది. దాన్ని తీసుకెళ్ళి నా దుకాణం గోడ పక్కన, ఒక్క గీత పడకుండా, పడవను పెట్టినంత జాగ్రత్తగా పెట్టారు.

వినీల్ తాళం జేబులోనే పట్టుకుని వర్షంలో నిలబడ్డాడు. డ్రైవర్లు తెల్ల బళ్ళెక్కారు. అవి కాస్త దగ్గి, స్టార్టయ్యాయి. వాళ్ళ అతిథులను వాళ్ళు తీసుకెళ్ళారు. వాళ్ళ దారి ఆపడానికి నాకు హక్కు లేదు.

నేనూ భాస్కరం పోలమ్మ బస్సెక్కాం. వాడు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఉప్పాడ రోడ్డు మలుపు తిరిగాక, నా అనుమతి అడక్కుండా, పెట్టె మూత విప్పి లోపలి పలకలు ఒక్కొక్కటే తీసి వంచి, కాళ్ళ దగ్గర పడేశాడు. పుస్తకం మాత్రం చింపలేదు. కోర్టులో కావాలి కదా అన్నాడు.

సింహాచలం పడక పక్కన యంత్రం గుర్రుమని తిరుగుతోంది. నేను వంగి బ్యాటరీ మీద ముల్లు చూశాను. తొమ్మిది గంటలు. దారి నాలుగు గంటలు. అతను నా వైపు చూసి ఎంతుందని కనుబొమలు ఎగరేశాడు.

"దారి పోగా అయిదు గంటలు మిగుల్తుంది" అన్నాను. "ఈసారి అది ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు."